గేటు దగ్గర చెప్పిన బిట్టు

కోచింగ్ సెంటర్లో ఆమెను అందరూ తాజా మేడం అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినబడదు. అక్కడ చరిత్ర సారు పోయిన రాజుల గురించి తీరిగ్గా చెప్పుకుంటాడు. ఆయన రాజులు లేచొచ్చి రాజీనామాలు చేయరు కాబట్టి ఆయనకు రాత్రి నిద్ర పడుతుంది. లెక్కల సారుకూ అంతే, రెండు రెళ్ళు ఎప్పుడు చూసినా నాలుగే. తాజా మేడం చెప్పేది కరెంట్ అఫైర్స్. నిన్న చెప్పింది ఇవాళ్టికి తప్పయిపోయే సబ్జెక్టు అదొక్కటే. క్లాసులో కాలు పెడుతూనే "తాజాగా ఏం జరిగిందంటే" అని మొదలుపెడుతుంది, పిల్లలు ఆ మాటే పేరుగా పెట్టేశారు.

ఆమె స్థిమితంగా కూర్చోగా చూసినవాళ్ళు లేరు. ఒక చేతిలో సుద్దముక్క, ఇంకో చేతిలో ఫోను. స్టాఫ్ రూములో కిటికీ గట్టు మీద ఆమె టీ రోజూ చల్లారిపోతూ ఉంటుంది. ఫోను చిన్న శబ్దం చేసిందంటే మాట సగంలో ఆగిపోవాల్సిందే. ఏదో దేశంలో ప్రధాని మారాడు. ఏదో సూచీలో మన ర్యాంకు కిందికి జారింది. ఎక్కడో రెండు సైన్యాలు కలిసి విన్యాసాలు చేసి వాటికి నోరు తిరగని పేరు పెట్టాయి. మనకవి వార్తలు. ఆమెకు బిట్లు. బిట్టు అంటే నాలుగు ఆప్షన్లున్న ప్రశ్న అని పరీక్షలు రాసేవాళ్ళున్న ఇళ్ళలో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఈ అలవాటు ముదిరి ఎక్కడిదాకా వెళ్ళిందంటే, ఆ మధ్య కాలనీ సంఘం అధ్యక్షుడు కాలం చేస్తే పరామర్శకు వెళ్ళింది. అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు. ఈవిడ ఆయన భార్య చెయ్యి పట్టుకుని, నిజమైన బాధతోనే, "ఆయన స్థానంలో ఎవరొస్తున్నారండీ" అని అడిగింది. వెంట వచ్చిన తల్లి ఈవిణ్ణి మోచేత్తో ఒక్క పోటు పొడిచి బయటికి లాక్కొచ్చింది.

"నీకేమన్నా మతి పోయిందా?"

"అలవాటమ్మా. నోట్లోంచి వచ్చేసింది."

మనసు లేనిదని మాత్రం అనుకోవద్దు. యుద్ధం మొదలైందని టీవీలో చూపిస్తే, ముందు ఆ దేశపు రాజధాని, కరెన్సీ, సరిహద్దు దేశాలు వేళ్ళ మీద చెప్పుకుంటుంది. అంతలో తెర మీద, దుప్పట్లో చుట్టిన పసివాణ్ణి ఎత్తుకుని పరిగెత్తే మనిషి కనిపిస్తాడు. అప్పుడు సిగ్గేస్తుంది. ఆ సిగ్గుతోనే లేచి వెళ్ళి, సరిహద్దు దేశాల్లో మర్చిపోయిన దాని కోసం అట్లాసు తీస్తుంది.

ఇలా తయారవడానికి కారణం ఉంది. ఆమే ఒకప్పుడు పరీక్షలు రాసింది. వయసు పరిమితి దాటిపోయే ముందు రాసిన ఆఖరి పరీక్షలో ఒక బిట్టు వచ్చింది. ఫలానా సంస్థ అధిపతి ఎవరు అని. ఆమె పాతాయన్ని పెట్టింది. ఆయన దిగిపోయి కొత్తాయన వచ్చి అప్పటికి చాలా రోజులైంది. ఆ మార్పు జరిగిన వారం ఇంట్లో చుట్టాలుండి పేపరు తిరగెయ్యలేదు, అంతే. ఎంపికైనవాళ్ళ జాబితాలో ఆమె నంబరు లేదు. ఒక్క మార్కులో పోయిందని తేలాక, ఆ ఒక్కటీ ఈ బిట్టేనని తీర్మానించుకుంది. ఇంకా ఎన్నో తప్పులు చేసి ఉండొచ్చుగదా అని ఎవరన్నా అంటే వినదు. అప్పట్నుంచి ప్రపంచం తనకు చెప్పకుండా మారిపోతుందేమోనన్న భయం ఆమెను కాలు నిలవనివ్వడం లేదు.

అయితే క్లాసులో మాత్రం ఒక పద్ధతి పాటిస్తుంది, ఆ పద్ధతి వల్లే ఆమెకు పేరొచ్చింది. పరీక్ష తేదీ రాగానే బోర్డు మీద క్యాలెండరు వేసి, ఒక నెల వెనక్కి వెళ్ళి ఎర్ర సుద్దతో అడ్డంగా గీత గీస్తుంది.

"పేపరు తయారుచేసేవాళ్ళు కలం మూసేసింది ఇక్కడ. ఆ తర్వాత అచ్చు, సీలు, పెట్టెలు. గీత ఇవతల భూమి తలకిందులైనా మీకు అనవసరం. చదివారంటే ఉన్నది కూడా పోతుంది. అర్థమైందా?"

"అయింది మేడం."

ఆ పిల్లల్లో మూడో బెంచీ చివర కూర్చునేది ఆమె చెల్లెలు. క్లాసులో మేడం అంటుంది, వీధి మలుపు తిరగ్గానే అక్కా అంటుంది. ఈ చెల్లెలు అక్కకు పూర్తిగా తిరగేసిన మనిషి. పొద్దున కూర్చుందంటే మధ్యాహ్నం వరకూ లేవదు, పడుకుందంటే పక్కింట్లో పెళ్ళి జరిగినా లేవదు. లెక్కలంటే ప్రాణం. పరీక్ష పేపరు చివరి పేజీలో వచ్చే లెక్కలు ఆమెకు అరచేతిలో పెట్టినట్టే. వెనకబడిందల్లా అక్క సబ్జెక్టులోనే. అందులో అక్క చెప్పింది చెప్పినట్టు వల్లె వేసుకుంటుంది, సొంత తెలివి వాడదు.

ఈ ఏడాది చెల్లెలికి ఆఖరి అవకాశం. వచ్చే ఏడు వయసు దాటిపోతుంది. తల్లి ఈ మాట ఒక్కసారే అంది, అది కూడా గిన్నెలు తోముతూ, ఎవరి ముఖమూ చూడకుండా. "మీ ఇద్దరిలో ఒక్కదాన్నైనా ఉద్యోగంలో చూస్తే బావుండు." ఆ రోజు నుంచి అక్కకు కంటి మీద కునుకు లేదు. చెల్లెలు మాత్రం బాగానే నిద్రపోయింది.

పరీక్ష రోజు పొద్దున్నే చెల్లెలు హాల్ టికెట్టు, రెండు పెన్నులు తీసుకుని బస్సెక్కింది. ఫోన్లు లోపలికి రానివ్వరు కాబట్టి ఇంట్లోనే వదిలేసింది. తాజా మేడం ఆ పూట వార్తలు చూడనని ముందురోజే ఒట్టేసుకుంది. తన మీద తనకే నమ్మకం లేక, ఫోను తల్లికిచ్చి దాచిపెట్టమంది. తల్లి దాన్ని ఉతికిన దుప్పట్ల మధ్య పెట్టింది. అయినా ఏం లాభం. ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న మనిషికి దుప్పట్ల లోపల నుంచి వచ్చిన చిన్న చప్పుడు వినిపించనే వినిపించింది.

తీసి చూసింది. ఒక పెద్ద అంతర్జాతీయ సంస్థ అధ్యక్షుడు రాత్రికి రాత్రి రాజీనామా చేశాడు. ఉపాధ్యక్షుడు పగ్గాలు చేపట్టాడు. ఆమె గుండెల్లో రాయి పడింది. ఈసారి పేపర్లో తప్పకుండా వస్తుందని చెల్లెలికి నొక్కి నొక్కి చెప్పిన బిట్టు అదే. పాతాయన పేరు కళ్ళు మూసుకుని చెప్పేదాకా వదల్లేదు.

"ఎక్కడికే ఆ పరుగు?" అంది తల్లి.

"దానికొక మాట చెప్పాలి."

"చెప్పులన్నా వేసుకో."

వేసుకుంది. ఒక కాలికి తనది, ఇంకో కాలికి తల్లిది. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు, నిలబడితే తొందరగా వెళ్తుందన్నట్టు డ్రైవరు వెనక కడ్డీ పట్టుకుని నిలబడింది. మనసంతా అప్పటి బిట్టు దగ్గరే ఉంది. తన విషయంలో చెప్పేవాళ్ళు లేకపోయారు. దీనికి తనుంది. దీన్ని మాత్రం అలా పోనివ్వదు.

పరీక్షా కేంద్రం దగ్గరికి వెళ్ళేసరికి తనిఖీ అయిపోయి చెల్లెలు గేటు లోపల ఉంది. మెట్ల వైపు నడుస్తోంది, ఎప్పటిలాగే నెమ్మదిగా, పక్కనున్న మొక్కలు చూసుకుంటూ. తాజా మేడం గేటు ఊచలు రెండు చేతులా పట్టుకుని గొంతు చించుకుంది.

"ఏమే, ఇటు చూడు. ఆయన రాజీనామా చేశాడు. రాత్రే. ఆ బిట్టు వస్తే ఉపాధ్యక్షుణ్ణి పెట్టు. వినబడుతోందా? కొత్తాయన్ని పెట్టు."

చెల్లెలు ఆగింది. వెనక్కి తిరిగి తలూపింది. కానీ అప్పటిదాకా ఆ ముఖంలో ఉన్న నిదానం కాస్తా ఎటో పోయింది. చుట్టుపక్కల నడుస్తున్నవాళ్ళలో గుసగుసలు బయల్దేరాయి. ఎవరు, ఎవరు దిగిపోయారు, మన దేశంలోనా, బయటా? ఒకమ్మాయైతే అక్కడే నిలబడి కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కోసాగింది. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటమ్మా ఈ గోల? పిల్లల్ని పరీక్ష రాయనిస్తారా లేదా?"

"అయిపోయింది బాబూ. చెప్పాల్సింది చెప్పేశాను."

గంట మోగింది, గేటు మూశారు. అమ్మయ్య అనుకుని ఎదురుగా ఉన్న అరుగు మీద చతికిలబడింది. చాలా ఏళ్ళకు ఏదో బాకీ తీరినట్టు ఒళ్ళు తేలికైంది. అప్పుడే లోపల ఇద్దరు మనుషులు ఒక ఇనప్పెట్టెను చెరో పక్కన పట్టుకుని వరండాలోంచి తీసుకెళ్ళడం ఊచల్లోంచి కనబడింది. పెట్టెకు తాళం, తాళానికి గుడ్డ చుట్టి లక్క సీలు.

ఆమె లేచి నిలబడింది. ఆ పెట్టెలో ఉన్న పేపరు అచ్చయి ఎన్ని రోజులైందో ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళెవరు? అందులో ఆ బిట్టుంటే దాని జవాబుల కీలో ఉండేది పాతాయనే. రాత్రి ఎవరు దిగిపోతే దానికేంటి. ఎర్ర గీత, అచ్చు, సీలు, పెట్టెలు అని బోర్డు ముందు నిలబడి గొంతెండిపోయేలా చెప్పింది తనే. ఊళ్ళో పిల్లలందరికీ చెప్పిన మాట సొంత చెల్లెలి దగ్గరికొచ్చేసరికి మర్చిపోయింది. తన పాత దెబ్బ సలుపుతుంటే చెల్లెలి కాలికి కట్టు కట్టింది. ఎంత పని చేశాన్రా దేవుడా అని తల పట్టుకుంది.

గేటు దగ్గరికి వెళ్ళింది.

"బాబూ, లోపలికి ఒక్క మాట పంపించాలి."

"చీటీలా?" అన్నాడు వాచ్‌మన్, ఎగాదిగా చూస్తూ.

"కాదు కాదు. ఇందాక నేను చెప్పింది మర్చిపొమ్మని చెప్పాలి, అంతే."

"మర్చిపొమ్మంటే ఇంకా గుర్తొస్తుంది గదమ్మా. వెళ్ళి కూర్చోండి."

కూర్చుంటే ఆవిడ తాజా మేడం ఎందుకవుతుంది. గేటు దగ్గర్నుంచి అరుగు దాకా, అరుగు దగ్గర్నుంచి గేటు దాకా తిరిగింది. తల్లి చెప్పు వదులు, తన చెప్పు బిగువు, నడక కుంటినడకైంది. పాత పేరు పెట్టవే తల్లీ, నా మాట వినకు అని లోలోపల గొణిగింది. మళ్ళీ, ఆ బిట్టు రాకుండా ఉంటే ఏ గొడవా లేదని ఆశపడింది. పేపరు ఎవరు తయారుచేశారో ఆ మహానుభావుడు ఆ పూట దాన్ని మర్చిపోయి ఉండాలని, ఎన్నడూ మొక్కనిది, మొక్కుకుంది. జేబులో ఫోను రెండు మూడుసార్లు మోగింది. తియ్యబుద్ధి కాలేదు.

చివరికి గేటు తెరిచారు. జనం బిలబిలమంటూ బయటికొచ్చారు. చెల్లెలు అందరికంటే వెనక వచ్చింది. అక్క ఎదురెళ్ళి భుజం పట్టుకుంది.

"ఆ బిట్టు వచ్చిందా?"

"రాలేదు."

"రాలేదా?" తాజా మేడానికి ప్రాణం లేచొచ్చింది. "బతికించావు. నేను తప్పు చెప్పానే, ఆ పేపరు ఎప్పుడో అచ్చయిపోయింది. పాతాయన్నే పెట్టాలి. రాలేదు కాబట్టి సరిపోయింది."

చెల్లెలు అరుగు దాకా నడిచి కూర్చుంది.

"రాలేదు గానీ, వస్తుందేమోనని చూస్తూనే ఉన్నానక్కా. ప్రతి పేజీలో అదే వెతికాను. పేజీ తిప్పుతుంటే ఇక్కడుంటుంది, ఇక్కడుంటుంది అని. మధ్యలో అనుమానమొచ్చింది, కొత్తాయనా పాతాయనా అని. నువ్వు క్లాసులో గీత అంటావు, గేటు దగ్గరేమో ఇలా చెప్పావు. ఏది నమ్మాలో ముందే తేల్చుకుందామని అక్కడే ఆగిపోయా. చూసుకునేసరికి టైమైపోయింది."

"ఏం మిగిలిపోయాయి?"

"చివరి పేజీ."

చివరి పేజీ అంటే లెక్కలని అక్కకు వేరే చెప్పక్కర్లేదు. ఏడుపొచ్చింది, అది కూడా సగంలో ఆగింది. చెల్లెలి ముందు ఏడిస్తే తనను ఓదార్చే పని కూడా చెల్లెలి మీదే పడుతుందని తెలుసు.

చెల్లెలు ఆమె కాళ్ళ వంక చూసింది. "అమ్మ చెప్పు వేసుకొచ్చావు" అంది. తర్వాత చెయ్యి చాపింది. "ఫోనిలా ఇవ్వు. ఆయన్ని చూస్తా."

తాజా మేడం ఫోను తీసి, కొత్త అధ్యక్షుడి ఫొటో వెతికి ఇచ్చింది. నెరిసిన జుట్టు, కళ్ళజోడు, మైకుల ముందు కాస్త బెదురుగా నవ్వుతున్న మనిషి. చెల్లెలు ఆ ముఖాన్ని చాలాసేపు చూసింది.

"పాపం, ఈయనకేం తెలుసు" అని ఫోను తిరిగిచ్చేసింది.

ఇద్దరూ లేచి బస్టాపు వైపు నడిచారు. కుంటుతున్న అక్క కోసం చెల్లెలు నడక తగ్గించింది. కొంత దూరం వెళ్ళాక, ఏదో ఒకటి మాట్లాడాలన్నట్టు అడిగింది.

"రేపు క్లాసులో ఈయన పేరు చెప్తావా?"

"చెప్పాలి కదా" అంది తాజా మేడం, అలవాటైన నోటితో, ఆలోచించకుండా. "ముఖ్యమైన బిట్టు. వచ్చే పరీక్షకు తప్పకుండా వస్తుంది."

అన్న తర్వాత గానీ ఏమన్నదో తెలియలేదు. వీధి మధ్యలో నిలబడిపోయింది. చెల్లెలు రెండడుగులు ముందుకెళ్ళి, వెనక్కొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"వస్తుందిలే" అంది. "చెప్పు. రాసేవాళ్ళు రాస్తారు."