గుగ్గిలం పూసిన మూత

అమ్మను ఏలూరు ఆసుపత్రికి పడవలో తీసుకువెళ్లిన రోజున దారి పొడుగునా నేను ఆలోచించింది అమ్మ గురించి కాదు, ఇంజను గురించి. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా ఆ రోజు వాన పడలేదని మాత్రమే రాసుకున్నాను.

మాది కొల్లేటి లంక. వానాకాలంలో పడవ తప్ప దారి లేదు. బాబాయి కాకినాడలో పాత ఇంజను ఒకటి కొని మా ధాన్యం పడవకు బిగించాడు. ఆ రోజుల్లో మా లంకల్లో ఇంజను పడవ అదొక్కటే. అమ్మకు కడుపునొప్పితో జ్వరం ముదిరింది. తన చేతిలో ఏమీ లేదని, సాయంత్రంలోగా ఏలూరు చేర్చాలని ఊళ్లో వైద్యుడు చెప్పేశాడు. మిల్లుకు వెళ్లవలసిన బస్తాలు అప్పటికే పడవలో ఉన్నాయి. వాటి పక్కనే చాప పరిచి అమ్మను పడుకోబెట్టాం. తల నా ఒళ్లో పెట్టుకున్నాను. నాన్నగారు, బాబాయి, పిన్ని ఎక్కారు.

ఒడ్డున కట్టి ఉన్నంతసేపూ ఇంజను చక్కగా కొట్టుకుంది. పడవ బరువు మీద పడి, బాబాయి వేగం పెంచాక కొంత దూరం లాగింది. తరవాత రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. బాబాయి నీళ్లలోకి దిగి పంకాకు చుట్టుకున్న నాచు పీకాడు. ప్లగ్గు విప్పి తుడిచాడు. గొట్టం ఊదాడు. ట్యాంకు మూత తీసి చూస్తే కిరసనాయిలు సగానికి పైగానే ఉంది. తిప్పితే అందుకుంది. కొంత దూరం పోయి మళ్లీ ఆగింది. ఎదురుగాలి. గడ వేసి తోసినా పడవ పక్కకే పోతోంది.

బరువెక్కువై ఇంజను లాగలేకపోతోందని బాబాయి అన్నాడు. పడవను ఒక దిబ్బకు చేర్చి బస్తాలు దించడం మొదలుపెట్టారు. నాన్నగారూ మోశారు. అమ్మ కళ్లు తెరవకుండానే అంది:

"నన్ను కూడా దించెయ్యండి మరిదిగారూ, ఇంకా తేలికవుతుంది."

బస్తాలు దించాక ఇంజను ఇంకాస్త దూరం లాగి, మళ్లీ ఆగింది.

అమ్మ నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ నేను ఒక్కటే గమనిస్తున్నాను. బాబాయి ట్యాంకు మూత తీసినప్పుడల్లా గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడవుతోంది. ఆ తరవాత కాసేపు ఇంజను బాగా నడుస్తోంది. కిరసనాయిలు డబ్బాకు ఒకే కన్నం పొడిస్తే ధార ఆగి ఆగి వస్తుందని, గాలి పోవడానికి ఇంకోటి పొడవాలని ఇంట్లో నాకు నేర్పింది అమ్మే. కానీ మగవాళ్ల పనిలో నోరెత్తే అలవాటు నాకు లేదు. వంగి అమ్మ చెవిలో చెప్పాను. విన్నదో లేదో తెలియలేదు.

"ఏవండీ, పిల్ల ఏదో చెబుతోంది, వినండి," అంది చివరికి.

నాన్నగారు ఇటు తిరిగారు. నేను మూత చూపించాను. దాని నడుమ ఉండవలసిన సన్నని కన్నం పూడిపోయి నల్లగా మెరుస్తోంది. ఎండాకాలంలో పడవను ఒడ్డుకు లాగి, చెక్కల సందుల్లో నూలు దూర్చి, కాచిన గుగ్గిలం పూస్తారు. పడవలో కన్నం కనబడితే మావాళ్ల చెయ్యి ఊరుకోదు.

"మొన్న వానలప్పుడు నేనే పూశాను అన్నయ్యా. నీళ్లు దిగుతాయనుకున్నాను," అన్నాడు బాబాయి.

మేకుతో పొడిచాడు. అక్కడినుంచి ఏలూరు రేవు దాకా ఇంజను ఆగలేదు. ఎండకు గుగ్గిలం మెత్తబడి కన్నం మళ్లీ మూసుకుపోతుందేమోనని నేను అమ్మ తలను పిన్ని ఒళ్లోకి మార్చి, ట్యాంకు పక్కన కూర్చున్నాను. మేకుతో కెలుకుతూనే ఉన్నాను. వెనక్కి తిరిగి చూడలేదు.

దీపాలు పెట్టే వేళకు ఆసుపత్రి చేరాం. ముందే తేవలసిందని డాక్టరమ్మ అంది. ముందంటే పొద్దుటి మాటా, మొన్నటి మాటా అని బాబాయి అడిగాడు. ఆమె అమ్మను లోపలికి తీసుకుపొమ్మంది. తరవాత ఎప్పుడూ ఆయన ఆ ఇంజను ముట్టుకోలేదు.

తెల్లవారకముందే అమ్మ పోయింది. నాన్నగారు ఒక్కరే దగ్గరున్నారు. నన్నూ పిన్నినీ అంతకుముందే తెలిసినవాళ్లింటికి పంపేశారు. బయలుదేరబోతూ నేను మంచం పక్కన నిలబడితే, అమ్మ నా చెయ్యి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"కిరసనాయిలు కంపు. సబ్బుతో కడుక్కుని అప్పుడు అన్నం తిను," అంది.