అది రొంప కాదు

నా చిన్నప్పుడు అనకాపల్లిలో మా ఇంట్లో ఎవరు తుమ్మినా నేరం బెల్లం మీదికే పోయేది. ముక్కు కారితే కొత్త బెల్లం తిన్నావంటారు, ఒళ్ళు కాలితే తల సరిగా తుడుచుకోలేదంటారు. మందుకన్నా ముందు తిట్లు పడేవి.

ఆ శీతాకాలం అమ్మ పురిటికని పూడిమడకలో అమ్మమ్మ వాళ్ళింట్లో ఉంది. తమ్ముడు పుట్టాడు. అమ్మ లేని ఇల్లు నాకు బొత్తిగా నచ్చేది కాదు. నాన్నమ్మ జడ వేస్తే తల పీకేసినట్టుండేది, పక్కలో అమ్మ లేక నిద్ర పట్టేది కాదు. ఆదివారం తమ్ముడికి పేరు పెట్టే ప్రార్థన అన్నారు. మా వాళ్ళలో ఆ రోజు వచ్చినవాళ్ళందరూ పసివాడి తల మీద చెయ్యి వేసి దీవిస్తారు, ముద్దులు పెడతారు. నాకు ఆ దీవెనలతో పని లేదు. అమ్మ ఒళ్ళో తల పెట్టుకోవాలి, అంతే.

ఆ పొద్దున్న లేచేసరికి ఒళ్ళు కాలిపోతోంది. "రొంపేనే. నిన్న బెల్లం ముక్క నమిలేవు కదా," అని నాన్నమ్మ మిరియాల కషాయం తాగించి, స్వెట్టరు తొడిగి, "పద, ఆటో వచ్చేత్తాది," అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

మాతో బయల్దేరిన పక్కింటి అక్క నర్సింగు చదివేది. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. నాన్నమ్మ బెల్లం కథ మొదలెడితే, "ఏటి తిన్నాదో తరవాత సెప్పుదురు గాని మామ్మా," అని నా వైపు తిరిగింది. "ఎప్పుడు మొదలయ్యింది? మెల్లగానా, ఒక్కసారిగానా? ఎక్కడ నొప్పి? నీ పక్కన ఎవులైనా దగ్గేరా?"

నిజం చెబితే నన్ను అమ్మ దగ్గరికి తీసుకెళ్ళరని అర్థమైపోయింది. ఏమీ లేదందామనుకున్నాను. కానీ ఏడుపు ఆగలేదు. ముందు రోజు సాయంత్రం ఆడుకుంటుండగానే చలి పుట్టిందని, నడుమూ కాళ్ళూ లాగేస్తున్నాయని, బళ్ళో నా పక్క పిల్ల ఒకటే దగ్గిందని చెప్పేశాను. ముక్కు మాత్రం పెద్దగా కారడం లేదు.

"రొంపయితే ముక్కుతో మొదలై మెల్లగా వత్తాది మామ్మా. ఇది ఒక్కసారిగా పడగొట్టేసింది, ఫ్లూలాగుంది. బెల్లం కాదు, ఆ దగ్గే పిల్ల దగ్గర్నుంచి వచ్చుంటాది. రొంపయినా సరే, పచ్చి పిల్లోడి దగ్గరికి తీసుకెళ్ళకూడదు. మీరూ దూరం నుంచే దీవించండి."

"తల్లిని సూడాలని ఏడుత్తంది కదే," అని నాన్నమ్మ గొణిగింది. నాన్న నా తల నిమిరి, నాన్నమ్మతో ఆటో ఎక్కాడు.

అక్క ఉండిపోయింది. డాక్టరు గారికి చూపించి, మాత్ర వేయించి, కిటికీలన్నీ తెరిచింది. చున్నీ మూతికి కట్టుకుని గుమ్మం అవతల కూర్చుంది. ఎంత మంచిదో! అయినా ఆ రోజు ఆమె మీద నాకు ఒళ్ళు మండింది. అందరూ అక్కడ అమ్మ చుట్టూ ఉంటారు, నేనొక్కదాన్నే ఇక్కడ అనుకుంటూ గోడకేసి తిరిగి పడుకున్నాను. వీధిలో ఏ ఆటో చప్పుడైనా అమ్మే వచ్చేసిందనుకునేదాన్ని. రాలేదు.

తమ్ముడికి ఏమీ కాలేదు. అక్క చేసింది ముమ్మాటికీ సరైనదే. ఇప్పుడు మా పిల్లలకి జ్వరమొస్తే నేనూ తిట్లు పక్కన పెట్టి, ఎప్పుడు మొదలైంది, ఎక్కడ నొప్పి అని ఒక్కొక్కటే అడుగుతాను. అన్నీ విన్నాక, ఆ రోజు నన్నెవరూ అడగని మాట కూడా అడుగుతాను.

"నీకిప్పుడు ఎవరు కావాలమ్మా?"