ముందుకు జరిపిన బరువు

జీవితమంతా స్కూలు బస్సు నడిపిన ఇర్యా, మంచు మీద నడిపే స్నోమొబైళ్ళ కోసం ముందూ వెనకా తలుపులున్న మూసిన ట్రైలరే కావాలని పట్టుబట్టి కొంది. ఎక్కించిన బండిని వెనక్కి ఈడ్చే ఓపిక ఆమె భుజానికి లేదు.

దించడం తేలికవుతుందని ఆమె అన్నయ్య ఎయినో బళ్ళు రెండింటినీ వెనక తలుపు దగ్గరే కట్టేశాడు. మార్క్వెట్ ఊరు దాటి రోడ్డు పల్లానికి దిగగానే, ఇర్యా నడుపుతున్న బండి వెనక ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది.

"బ్రేకు తొక్కవే, చస్తాం," అని అరిచాడు ఎయినో.

ఇర్యా తొక్కలేదు; తొక్కితే ఊపు ఇంకా పెరుగుతుందని ఆమెకి తెలుసు. స్టీరింగు బిగించి పట్టుకుని, వేగం దానంతటదే తగ్గనిచ్చింది. పక్కకి ఆపి, ట్రైలర్లోనే బళ్ళను ముందుకు నడిపి, బరువు దాని ఇరుసుకి ముందు పడేలా కట్టింది.

"చిన్న ట్రైలర్ చాలంటే విన్నావా?" అన్నాడు ఎయినో, మళ్ళీ ఎక్కుతూ.

"ఇంకొక్క మాటన్నావంటే నిన్నూ దాంట్లోనే కట్టేస్తానన్నయ్యా. ముందు వైపే."