యొకాస్తా కిటికీకి ఎర్ర తువాలు

సాంతియాగోలో మా వీధిలో యొకాస్తా రెయినోసో ఇంటి నుంచే పనిచేస్తుంది. మంచానికీ కిటికీకీ మధ్య బల్ల, చెవులకు హెడ్‌సెట్, ఫోనులో అవతల విమానం తప్పిపోయి మండిపడే ప్రయాణికులు. వాళ్లను చల్లబరచడం ఆమె ఉద్యోగం.

జూన్‌లో కంపెనీ ఒక సాఫ్ట్‌వేర్ పెట్టింది. తెర మూలన చిన్న గీత. గది నిశ్శబ్దంగా ఉంటే పచ్చగా, చప్పుడైతే ఎర్రగా. వారంలో ఐదు ఎరుపులు దాటితే ఆఫీసుకు రావాలి. ఆఫీసంటే రెండు బస్సులు. మధ్యాహ్నం బడి నుంచి వచ్చే కూతురికి అన్నం పెట్టేవాళ్లుండరు.

మొదటి వారమే పద్నాలుగు పడ్డాయి. ఇంకొక్క వారం చూస్తామన్నారు.

దోషులెవరో ఆమెకు తెలుసు. ఎదురుగా దోన్ ఎలీహియో కొట్టు ముందు నలుగురు డొమినో ఆడతారు. బిళ్లను బల్లకేసి కొట్టకపోతే వాళ్లకు ఆడినట్టే ఉండదు. ఆపైన అరటికాయల వ్యాను మైకు. యొకాస్తా ఫోను పట్టుకుని కొట్టు మీదికి వెళ్లింది.

"మీ ఆట నా ఉద్యోగం తినేస్తోంది దోన్! ప్రతి ఎరుపుకీ చప్పుడు రికార్డయింది, వినండి."

మొదటిది డొమినో దెబ్బే. నలుగురూ తలలు దించుకున్నారు. రెండోది: "నోళ్లు మూయండర్రా, ఇక్కడ పనిలో ఉన్నాను!" మూడోదీ అదే గొంతు.

పద్నాలుగింటిలో తొమ్మిది యొకాస్తావే. ప్రయాణికులకు వినపడకుండా హెడ్‌సెట్ మైకు ఆపి కిటికీలోంచి అరిచేది. సాఫ్ట్‌వేర్ మాత్రం వింటూనే ఉంది.

"నీ గొంతు ముందు మా బిళ్లలెంత పిల్లా!" అన్నాడు మంగలి విల్తోన్.

"ఆ అరటికాయలవాడు నీ కిటికీ కింద ఎందుకాగుతాడనుకున్నావ్?" అన్నాడు దోన్ ఎలీహియో. "నువ్వు కేకేస్తే బేరమనుకుని మైకు ఇంకా పెంచుతున్నాడమ్మా!"

మర్నాటి నుంచి యొకాస్తా ఫోనులో ఉన్నంతసేపూ కిటికీకి ఎర్ర తువాలు వేలాడేది. అది కనిపిస్తే డొమినో బల్ల మీద దుప్పటి పరిచేవారు. వ్యానువాడు మైకు కట్టేసి, అరటికాయలు పైకెత్తి చూపేవాడు. ఎన్ని కావాలో ఆమె వేళ్లతో చెప్పేది.

శుక్రవారం దాకా ఒక్క ఎరుపూ లేదు. ఆ సాయంత్రం విల్తోన్ బిళ్లల వరుసకు రెండు కొసలా సరిపోయే చివరి బిళ్లతో ఆట గెలిచాడు. తువాలు వేలాడుతోంది. అరవడానికి లేదు. నోరు రెండు చేతులతో మూసుకుని, కుర్చీ చుట్టూ గెంతాడు. ఓడినవాళ్లు చప్పుడు లేకుండా తిట్టారు.

కిటికీలోంచి చూస్తున్న యొకాస్తా పకపకా నవ్వేసింది. వారం మొత్తానికి పడిన ఎరుపు అదొక్కటే.