కొరికి చెప్పిన బియ్యం

హాలియాలో నేను పనిచేసిన రైస్ మిల్లులో నా ఉద్యోగం పేరు క్వాలిటీ చెకింగ్. అసలు పని మాత్రం కొరకడం. తేమ కొలిచే మిషన్ నా బల్ల మీదే ఉండేది, దాన్ని ఎవరు పట్టించుకున్నారు గనక? సరుకు దిగగానే రైతూ, హమాలీలూ, మిల్లు యజమాని సేటూ అందరూ నా నోటి వంకే చూసేవారు. గింజను ముందుపళ్ళ మధ్య పెట్టి నొక్కితే టక్కున విరగాలి. మెత్తగా నలిగితే తేమ ఉన్నట్టు. పదేళ్ళు అదే పని చేశాను. దాచడమెందుకు, పొగరు నెత్తికెక్కింది. మిషన్ ఒకటి చెప్పి నా పళ్ళు ఇంకొకటి చెబితే, కాగితం మీద పళ్ళు చెప్పిందే రాసేవాణ్ణి.

మిల్లులో బియ్యం చెరిగే ఒక ముసలామె ఉండేది. నాకు చుట్టం కాకపోయినా పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. ఆమె భర్త అక్కడే బస్తాలు మోసి మోసి, నడుము పడిపోయి ఇంటిపట్టున ఉన్నాడు. ఆమె ఎక్కడ బియ్యం కొన్నా ఒక పిడికెడు తెచ్చి నా బల్ల మీద పోసేది. "జర కొరుకు బిడ్డా" అనేది. నేను కొరికి తల ఊపితేనే ఇంట్లో ఎసరు పెట్టేది. నాకది గొప్పగా ఉండేది.

తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్ళకు, ఒక యాసంగి పంట కోతలప్పుడు, వడ్లు కల్లాల్లోనే వానకు తడిశాయి. అప్పుడే పశ్చిమ ఆఫ్రికాలోని ఒక చిన్న దేశానికి దొడ్డు బియ్యం పంపే ఆర్డర్ వచ్చింది. మిషన్ పెడితే ముల్లు గీత దాటింది. కొరికితే గింజ టక్కుమంది. పైపైన ఎండ తగిలిన గింజ అలాగే టక్కుమంటుంది, లోపలి చెమ్మ పంటికి అందదు. ఇది నాకు తెలియక కాదు. సేటు నా భుజం మీద చెయ్యేసి, "నీ పండ్ల కన్న గా డబ్బా ఎక్కువనా?" అన్నాడు. పొంగిపోయి, తేమ లేదని రాసి సంతకం పెట్టాను.

మూడు నెలలకు సరుకు ఓడెక్కి మళ్ళీ వెనక్కి వచ్చింది. అక్కడి సర్కారు ఆఫీసర్లు రేవులోనే బస్తాలు విప్పి, పరీక్ష చేయించి, గింజల్లో బూజు విషం ఉందని, మనుషులు తినడానికి పనికిరాదని కాగితం మీద ముద్ర గుద్ది పంపారు. సేటు ఆ కాగితాన్ని నా చేత చదివించుకున్నాడు. "పేదదేశం అనుకుంటిమి, ఆళ్ళకెంత నఖరా" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

బియ్యాన్ని మళ్ళీ పాలిష్ పట్టారు. సంచులు మార్చారు. చాలా మటుకు ఎటో అమ్ముడుపోయింది, ఎటు పోయిందో నేను అడగలేదు. మిగిలిన దాన్ని దసరాకు పనివాళ్ళకు తలా ఒక బస్తా ఇస్తున్నట్టు సేటు చెప్పాడు. అందరూ సంబరంగా వరుస కట్టారు. పెద్దమ్మ వంతు వచ్చేసరికి బస్తా మూతి విప్పి, పిడికెడు తీసి నా ముందు పెట్టింది.

"కొరికి చెప్పు బిడ్డా. నువ్వు చెప్తెనే తీస్కపోత."

పక్కనే సేటు నిలబడి ఉన్నాడు. నోట్లో వేసుకున్నాను. గింజ విరిగింది. నాలుక కింద సన్నగా చేదు, ముక్కుకు మక్కిన వాసన. ఉమ్మేస్తే ఆ రోజే నా ఉద్యోగం పోయేది. మింగేశాను.

"మంచిగనే ఉన్నయి పెద్దమ్మా" అన్నాను.

బతుకమ్మ, దసరా పండుగలు అయిపోయాయి. దీపావళి నాటికి ఆమె భర్తకు వాంతులు పట్టుకున్నాయి. కళ్ళు పచ్చబడ్డాయి, కడుపు ఉబ్బింది. నల్లగొండ దవాఖానలో కార్జం చెడిపోయిందన్నారు, తాగుతాడా అని అడిగారు. కల్లు తాగుతడని ఆమె చెప్పింది. ఇంకేముంది, కల్లు వల్లే అని రాసుకున్నారు. ఏం తిన్నాడని ఒక్కరూ అడగలేదు. ఎన్నో సముద్రాల అవతల ఎవరో ముక్కూ మొహం తెలియని ఆఫీసరు తన జనం కోసం బస్తా విప్పి చూశాడు. మా దగ్గర చూడాల్సినవాణ్ణి నేనే.

ఆయన పోయాడు. ఆ బియ్యం వల్లే అని నేను రుజువు చేయలేను. కాదనుకుని నిద్రపోనూ లేను.

పదో రోజు మధ్యాహ్నం పెద్దమ్మ మిల్లుకు వచ్చింది. బొట్టు లేని మొహం. కొంగు ముడి విప్పి పిడికెడు బియ్యం బల్ల మీద పోసింది.

"రేపు పెద్దకర్మ. ఊరోళ్ళు తినబోతరు. దసరకిచ్చిన గా బస్తాల సగం మిగిలినయి, అవే వండుదమనుకుంటున్న. జర కొరికి చూడు."

గింజలు నా ముందు ఉన్నాయి. చెయ్యి లేవలేదు.

"వద్దు పెద్దమ్మా. ఇవి వండకు. మంచిగ లేవు."

ఆమె బియ్యం వంక చూసింది, నా వంక చూసింది.

"కొరకకుండనే చెప్తున్నవ్. ఆ పొద్దు గూడ గిట్లనే ఉండెనా?"

"ఉండె" అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు. నా కాలర్ పట్టుకున్నా బాగుండు. ఆమె ఒక్కొక్క గింజా ఏరుకుని మళ్ళీ కొంగులో ముడి వేసుకుంది. గడప దాకా పోయి ఆగింది.

"పండ్లు మంచిగనే ఉన్నయి గద బిడ్డా నీకు" అంది.