వీణ వెనక మోత

సాయంత్రం ఆరుకల్లా చెల్లి వీణ రికార్డింగు పంపాలి. లేకపోతే కచేరీకి ఎంపికలోకే రాదు. ఫోనులో తీసింది పనికిరాదని ముందే చెప్పారు. అందుకని వీణకి మైకు బిగించి, హాల్లోని ఆంప్లిఫయరు నుంచి నా పాత ల్యాప్‌టాప్‌కి కేబులు కలిపాను. నాలుగున్నరకి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే తీగల వెనక గుంయ్‌మని ఒకటే మోత.

“శ్రుతిలో కలిసిపోతుందిలేరా,” అంది అమ్మ.

“ఎక్కడ కలుస్తుందమ్మా? నా శ్రుతికీ దానికీ పడట్లేదు. విన్నవాళ్లు నాకే చెవి లేదనుకుంటారు,” అంది చెల్లి.

వరసగా చూసుకుంటూ వచ్చాను. వీణ మైకు పీకాను, మోత ఉంది. వన్‌టౌన్‌ బజారు నుంచి తెచ్చిన కొత్త కేబులు వేసి చూశాను, ఉంది. కేబులు తీసేసి ఆంప్లిఫయరు దగ్గరే విన్నాను, లేదు. అంటే ల్యాప్‌టాప్‌తో కలిపినప్పుడే వస్తోంది.

ఈ కేబుల్లో లోపలి తీగ సంగీతాన్ని మోస్తుంది. చుట్టూ ఉన్న రాగి అల్లికకి రెండు పనులు: బయటి రొదని ఆపడం, లోపలి సంకేతానికి తిరుగుదారి కావడం. ఆంప్లిఫయరు ఒక ప్లగ్గులో, ల్యాప్‌టాప్ ఛార్జరు ఇంకో గోడకున్న ప్లగ్గులో ఉన్నాయి. ఆ రెండింటి ఎర్తులూ అల్లిక గుండా కలిసిపోయాయి. అందులో తిరుగుతున్న ఇంటి కరెంటే మాకు వినిపిస్తోంది. రెండింటినీ ఒకే బోర్డుకి మార్చాను. తగ్గింది, పోలేదు.

“పక్కింటాయన ఇలాంటప్పుడు మూడో పిన్ను విరిచేస్తాడురా,” అంది అమ్మ.

“ఎర్తు లేక షాకు కొడితే, వీణ పట్టుకుని కూర్చునేది నీ కూతురమ్మా. విరవను.”

ఛార్జరు పీకేశాను. మోత ఠక్కున ఆగిపోయింది. కానీ ఆ బ్యాటరీ ముసలిది. నిండా ఛార్జయి ఉన్నా కీర్తన చివరిదాకా నిలుస్తుందన్న నమ్మకం లేదు.

“ఆలాపన తగ్గించవే.”

“తగ్గిస్తే ఇంకేం మిగుల్తుంది అన్నయ్యా? బ్యాటరీ నువ్వు చూసుకో, నేను చూడను,” అని కళ్లు మూసుకుంది.

విజిలు పడకుండా అమ్మ కుక్కరు కట్టేసి వచ్చి గుమ్మంలో నిలబడింది. రికార్డు నొక్కాను. ఆలాపన అయ్యేసరికి బ్యాటరీ సగానికి దిగింది. చరణం మొదలయ్యేసరికి ఇరవై శాతం. ఛార్జరు పట్టుకుని బోర్డు పక్కన కూర్చున్నాను. పెడితే మోత, పెట్టకపోతే మొత్తం పోవచ్చు. ఎర్ర గుర్తు వెలిగింది. ప్లగ్గు బోర్డు దాకా తీసుకెళ్లి ఆపాను. ఆఖరి స్వరం మోగుతూనే ఉంది. చెల్లి తీగ మీద చెయ్యి వేసి ఆపలేదు, దానంతటదే ఆగనిచ్చింది.

సేవ్ నొక్కి, ప్లగ్గు దూర్చాను. హెడ్‌ఫోన్లలో మళ్లీ గుంయ్. వెంటనే ఫైలు పంపేశాను.

“పడిందా?” అంది చెల్లి, కళ్లు తెరవకుండానే.

“మొత్తం పడింది. ఆలాపనతో సహా.”

“అయితే కుక్కరు పెట్టుకోవచ్చా?” అంది అమ్మ.