బల్ల మీద రబ్బరు

కరెంటు ప్లాంటులో ఇరవై ఆరేళ్లు పంపులు బాగుచేసే ఫిట్టరుగా ఉండి, కుడిచెయ్యి వణకడం మొదలైనాక పని మానుకున్నా. ఇంటిపక్కన స్కూటరు పెట్టుకునే రేకుల షెడ్డులో ఒక బల్ల వేసుకుంటే, ఊళ్లోవాళ్ల మోటార్లూ మిక్సీలూ చూస్తూ రోజులు గడపొచ్చనుకున్నా. వణుకు తగ్గేది కాదని డాక్టరు ముందే చెప్పినాడు. మెల్లగా చేసుకుంటే చెయ్యి మాట వింటుందిలే అనుకున్నా నేను.

ఇనుప కాళ్లు వెల్డింగ్ చేయించి తెచ్చుకున్నా. వాటి పైన ఏం వెయ్యాలన్నదే తేలలేదు. ముత్తుకూరులో తెలిసిన వడ్రంగిని అడిగితే ప్లైవుడ్ వద్దన్నాడు.

"ఈ ఉప్పుగాలికి ఒక్క వానాకాలం ఆగదన్నా, పొరలు లేచిపోతాయి. బండ వేసుకో, నీ తర్వాత కూడా ఉంటాది."

వంటగట్టు కట్టినప్పుడు మిగిలిన నల్ల గ్రానైటు ముక్క ఇంట్లో ఉంది. దాన్నే పెట్టించినా. మొదటిరోజే, పంపులో నీళ్లు కారకుండా ఆపే పింగాణీ రింగు చేతిలోంచి జారి బండ మీద పడి రెండు ముక్కలైంది.

బండ తీసేసి ఇనుపరేకు బిగించినా. ఈసారి ఏదీ పగల్లేదు గానీ, పడిన ప్రతి నట్టూ ఖంగుమనేది. మోగినప్పుడల్లా వంటింట్లో నా భార్య చేసే పని ఆపేది. పిలిచేది కాదు, బయటికొచ్చి చూసేది కాదు. గిన్నెల చప్పుడు ఆగిపోయి, కాసేపటికి మళ్లీ మొదలయ్యేది. ఆ చప్పుడు ఆగడం నేను భరించలేకపోయినా.

పాత ఇనుము కొట్లో, ప్లాంటులో బొగ్గు మోసి మోసి అరిగిన బెల్టు ముక్కలు దొరుకుతాయి. వేలెడు మందం రబ్బరు. కావలసినంత కోయించి ఆటోలో తెచ్చి రేకు మీద పరిచినా. నా భార్య వచ్చి వేలితో నొక్కి చూసింది.

"దీనిమీద ఏం పడినా చప్పుడు రాదే!"

"రాదు. అందుకే తెచ్చినా."

ఆమె లోపలికి పోయింది.

ఆ వారంలోనే ఎదురింటామె మిక్సీ తెచ్చి ఇచ్చింది. విప్పినా, లోపల ఇరుసు తిరిగేచోట అరిగిన బుష్షు మార్చినా. అడుగు మూత బిగించడానికి నాలుగు చిన్న మరలు. పొద్దున కూర్చున్నవాణ్ణి, మధ్యాహ్నం దాటినా ఒక్కటీ రంధ్రంలో నిలబెట్టలేకపోయినా. జారి రబ్బరు మీద పడేవి. ఏరుకొని మళ్లీ పెట్టేవాణ్ణి. చివరికి నా భార్యను పిలిచినా. ఆమె చెయ్యి తుడుచుకొని, కళ్లద్దాలు పెట్టుకొని నాలుగూ బిగించేసింది.

"ఇంతేనా అండీ?"

"ఇంతే" అన్నా. ఆమె వైపు చూడలేదు.

సాయంత్రం ఎదురింటామె మిక్సీ ఆడించి చూసి సంబరపడింది.

"నీ చెయ్యి మళ్లీ కుదురుకున్నట్టుందే అన్నా! రేపు మా ఫ్యాను కూడా తెస్తా."

"వద్దులేమ్మా. ఇంక చెయ్యడం లేదు."

అదేందండీ అట్టంటారు అని నా భార్య అడ్డుపడుతుందేమోనని ఆగినా. ఆమె అక్కడే, నా పక్కనే నిలబడి ఉంది. ఏమీ అనలేదు.